మందు తర్వాత, ముందు నీళ్ళు చూడు

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు, పక్కనించి బుజ్జిది "తాతయ్యా చేపలు నిద్రపోయాయా" అని అడుగుతుంటే అసలు నోరు పెగల్లేదు. అందుకే పొద్దున్నే గట్టు మీదకొచ్చి, ఎండ వచ్చాక చెరువులో గాలి కలిపే ఏరేటర్లు ఆపించి, షెడ్డులో కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా. కాస్త పొడుగే అవుద్ది, మొత్తం చదివాకే నీళ్ళల్లో చెయ్యి పెట్టు.

నువ్వు పంపిన వీడియో ఐదారుసార్లు చూశా. రెండు పోగా మిగిలిన నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ ఫిల్టర్ నీళ్ళు పడే మూలకే చేరాయి, మూతులు పైకి పెట్టి గుటకలేస్తున్నాయి, రెక్కలు ఒంటికి ముడుచుకున్నాయి. నీళ్ళు పాలచుక్క కలిపినట్టు మసగ్గా ఉన్నాయి. షాపతను వైట్ స్పాట్ అని చెప్పి నీలం మందు ఇచ్చాడన్నావ్ గానీ నాకు ఆ వీడియోలో ఒక్క చేప మీద కూడా తెల్లచుక్క కనపళ్ళా. వైట్ స్పాట్ అంటే ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వ చల్లినట్టు ఉంటుందమ్మా, దాన్ని పోల్చుకోడం కష్టం కాదు. ఇది జబ్బు కాదు, నీళ్ళ బాధ.

టెస్ట్ కిట్ తెచ్చుకుని మంచి పని చేశావ్. అమ్మోనియా లీటరుకి 2 మిల్లీగ్రాములు, పీహెచ్ 8 అని నువ్వు పంపిన ఫోటో చూడగానే సగం విషయం అర్థమైపోయింది నాకు. అమ్మోనియా నీళ్ళల్లో రెండు రకాలుగా ఉంటది, ఒకటి చేపని పెద్దగా ఏం చెయ్యదు, రెండోది విషం. పీహెచ్ 7 ఉంటే విషం రకం వందలో ఒక వంతు కూడా ఉండదు, అదే పీహెచ్ 8కి వచ్చేసరికి వందలో ఐదు దాకా అవుద్ది, నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుద్ది. అంటే నీ ట్యాంకులో 2లో ఇరవయ్యో వంతు, 0.1 వేసుకో. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుద్ది. మొప్ప దెబ్బతిన్న చేపకి నీళ్ళల్లో గాలి ఉన్నా అందదు, అందుకే పైకొచ్చి నోరు తెరుస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌ది బోరు నీళ్ళే ఎక్కువ కదా, అక్కడ పీహెచ్ 8 ఉండటంలో వింతేం లేదు, దాన్ని తగ్గిద్దామని నిమ్మకాయలూ ఇంకేవో ద్రావకాలూ పోయకు. పీహెచ్ ఒక్కసారిగా పడిపోతే దానికే చేప చచ్చిపోద్ది. నిలకడగా 8 ఉంటే గోల్డ్‌ఫిష్‌కి ఏం కాదు, అమ్మోనియా లేకుండా చూసుకోవడమే మన పని.

ఈ అమ్మోనియా ఎక్కణ్ణించి వచ్చిందంటావేమో. చేప మొప్పల్లోంచే వదులుద్ది, తినగా మిగిలిన మేత కుళ్ళినా వస్తది. చెరువైనా ట్యాంకైనా దీన్ని తినే బ్యాక్టీరియా ఉంటది, ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తది. నైట్రేట్ పెద్ద ప్రమాదం కాదు, 40 లోపు ఉంచుకుంటే చాలు, నీళ్ళు మారుస్తుంటే పోద్ది. ఈ బ్యాక్టీరియా నీళ్ళల్లో తిరగదు, ఫిల్టర్ స్పాంజినీ గ్రావెల్‌నీ పట్టుకుని ఉంటది. కొత్త ట్యాంకులో అది కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీ ట్యాంకు పెట్టి మూడు వారాలు. రెండడుగుల ట్యాంకులో మొదటిరోజే ఆరు గోల్డ్‌ఫిష్, అద్దానికి అతుక్కునే సక్కర్ చేప ఒకటి, బుజ్జిది రోజుకి మూడుపూట్లా మేత. ఆదివారం నీళ్ళు మసగ్గా ఉన్నాయని మొత్తం పారబోసి, రాళ్ళు కడిగి, స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండానన్నావ్. శుభ్రం చేద్దామనే చేశావ్, నాకు తెలుసు, కానీ పట్టీ పట్టనట్టు పట్టిన ఆ కాస్త బ్యాక్టీరియా క్లోరిన్ నీళ్ళల్లో పోయింది. మిగిలిందేమన్నా ఉంటే నీలం మందు దాన్ని కూడా చంపుద్ది, ఆ మందు సంగతి నీకు అమ్మేటప్పుడే చెప్పి ఉండాల్సింది.

నీకు గుర్తుందో లేదో, నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు పెద్ద చెరువు పోయింది మనకి. మూడు రోజులు ముసురు పట్టింది, ఎండ లేదు, పచ్చగా ఉన్న నీటి కలర్ పడిపోయి టీ నీళ్ళలా అయ్యింది. తెల్లారుజామున శీలావతి బొచ్చె అన్నీ పైకి లేచి గట్టు వారన మూతులు పెట్టాయి. నేను ఒక మందుల షాపుకి పరిగెత్తా, మొప్పల జబ్బు అన్నాడు, రెండు డబ్బాలు ఇచ్చాడు, సాయంత్రం కొట్టించా. ఆ రాత్రి నువ్వు టార్చిలైటు పట్టుకుని నా వెనకే నిలబడ్డావ్. తెల్లారేసరికి చచ్చిన చేపలు చెరువంతా తెల్లగా కప్పేశాయి. ఆ తర్వాత ల్యాబ్‌లో నీళ్ళ బాటిల్ ఇస్తే డీఓ, అంటే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్ లేదు, అమ్మోనియా పెరిగిపోయింది అన్నారు. పచ్చ నాచు చచ్చి కుళ్ళుతూ నీళ్ళల్లో ఉన్న ఆక్సిజన్ మొత్తం లాగేసింది, నేను పోసిన మందు మిగిలిన నాచుని కూడా చంపింది. నేను ఆ పొద్దున చెయ్యాల్సింది ఒకటే, ఇంజను వేసి కాలవ నీళ్ళు ఎక్కించడం, ఏరేటర్లు తెప్పించడం. బాటిల్‌లో నీళ్ళు పట్టుకెళ్ళడానికి అరగంట పట్టేది. ఆ అరగంట నేను పెట్టలేదు. అప్పట్నించీ చేప మూతి పైకి పెట్టిందంటే ముందు నీళ్ళే చూస్తా, మందు గురించి తర్వాత ఆలోచిస్తా. నీ ట్యాంకు చూస్తే నాకు ఆ చెరువే గుర్తొస్తంది, అందుకే ఇంత చెప్తున్నా.

ఇవ్వాళ చెయ్యాల్సింది చెప్తా. మేత ఆపెయ్, మూడు రోజులు ఒక్క గింజ కూడా వద్దు. బుజ్జిది ఏడుస్తుంది, ఏడవనీ, చేప వారం పస్తున్నా చావదని చెప్పు దానికి. గోల్డ్‌ఫిష్ కూడా మన శీలావతి బొచ్చెల జాతిదే, వీటికి పొట్ట అనేది విడిగా ఉండదు, పేగే ఉంటది, ఎంత వేస్తే అంత తింటాయి, అంతా వదిలేస్తాయి.

తర్వాత మూడోవంతు నీళ్ళు తీసెయ్, అడుగున చెత్త పైపుతో లాగుతూ తీయి, అంతే నీళ్ళు పోయి. మొత్తం మార్చకు. రేపూ ఎల్లుండీ కూడా అంతే, అమ్మోనియా 0.25 కిందకి వచ్చేదాకా రోజూ. పోసే నీళ్ళు ముందు బకెట్లో పట్టి క్లోరిన్ తీసే చుక్కల మందు వెయ్యి, లేదంటే ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజంతా ఉంచు. అయితే నీళ్ళ సరఫరా వాళ్ళు క్లోరిన్ బదులు క్లోరమైన్ కలిపి ఉంటే రోజంతా నిలవబెట్టినా పోదు, దానికి చుక్కల మందే కావాలి. ఇంకోటి, మీ వాచ్‌మెన్‌ని అడుగు సంపు ఎప్పుడు కడిగారో, కడిగిన రోజు బ్లీచింగ్ పౌడర్ గట్టిగా వేస్తారు, ఆ రెండు రోజులు ఆ నీళ్ళు ట్యాంకు దగ్గరికి రానివ్వకు. ఒక పని చెయ్యి, సంపు నీళ్ళని కూడా విడిగా టెస్ట్ చెయ్యి, దాంట్లో పీహెచ్ ఎంతుందో, అమ్మోనియా ఏమైనా ఉందో తెలిస్తే మనకి లెక్క తెలుస్తది. కొత్త నీళ్ళు వేలు పెట్టి చూసుకో, ట్యాంకు నీళ్ళంత వేడే ఉండాలి, ఏసీ గదిలో ట్యాంకు, ఎండలో ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు కలిస్తే తేడా చాలా ఉంటది.

ఆ నీలం మందు ఇంక వెయ్యకు, ఉన్నది పోవడానికి ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పొట్లం పెట్టు. ఎయిర్ పంప్ రాత్రీ పగలూ ఆపొద్దు. వేసవిలో నీళ్ళు వేడెక్కినకొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుద్ది, 20 డిగ్రీలప్పుడు లీటరుకి 9 మిల్లీగ్రాములు పడితే 30 డిగ్రీలకి ఏడున్నరే.

ఉప్పు వెయ్యి. ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 30 ఎత్తు కదా, గుణిస్తే 54 లీటర్లు, రాళ్ళూ ఖాళీ తీసేస్తే 45 వేసుకో. లీటరుకి ఒక గ్రాము, అంటే 45 గ్రాముల కల్లుప్పు. వంటింటి త్రాసులో తూచి, మగ్గులో కరిగించి, గంటకి కొంచెం చొప్పున మూడుసార్లుగా పోయి. ఇది ఎందుకంటే అమ్మోనియా తగ్గుతుంటే నైట్రైట్ పెరగడం మొదలవుద్ది, అది మొప్పల్లోంచి రక్తంలోకి పోయి రక్తాన్ని గోధుమరంగుకి తిప్పుద్ది, అప్పుడు ఆక్సిజన్ మొయ్యలేదు. ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని లోపలికి పోనివ్వదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, నీళ్ళు ఆవిరైపోయినా ఉప్పు పోదు, కాబట్టి ఎన్ని లీటర్లు తీసి మారిస్తే అన్ని గ్రాములే మళ్ళీ వెయ్యి. మన చెరువుల్లో చల్లే జియోలైట్ తెప్పిద్దామా అని అల్లుడుగారు అడిగారు, మంచి ఆలోచనే, అమ్మోనియాని పట్టుకుంటది, కానీ ఉప్పు వేసిన నీళ్ళల్లో జియోలైట్ పెడితే పట్టుకున్న అమ్మోనియాని తిరిగి వదిలేస్తది. రెండూ కలపకూడదు. మనం ఉప్పుతో పోదాం.

నీ ఆఫీసులో ఎవరికో రెండేళ్ళ పాత ట్యాంకు ఉందన్నావ్ కదా, వాళ్ళ చేపలు బాగుంటే ఒక మురికి స్పాంజి ముక్క అడుగు. కడగొద్దను, వాళ్ళ ట్యాంకు నీళ్ళల్లోనే ముంచి కవర్లో పెట్టి గంట రెండు గంటల్లో తెచ్చి నీ ఫిల్టర్లో పెట్టు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా నేనూ వాడా, ఒకటి పని చేస్తే ఒకటి చెయ్యదు, ఆ మురికి స్పాంజి మీద నాకున్న నమ్మకం సీసా మీద లేదు. ఇకమీదట స్పాంజి కడగాలంటే తీసేసిన ట్యాంకు నీళ్ళల్లోనే రెండుసార్లు పిండి పెట్టెయ్, కుళాయి కింద పెట్టొద్దు. మసక గురించి కంగారు పడకు, అది దానంతటదే తేరుతుంది. తేరాక కూడా అద్దంలా ఉన్నాయి కదా అని నమ్మొద్దు, అమ్మోనియా కంటికి కనపడదు.

ఆ ఎర్ర చేప తోక చివర దూదిలా ఏదో ఉంది, అది నేనూ చూశా. నీళ్ళు బాగుపడితే చాలావరకు ఆగిపోద్ది. ఆగకుండా రోజురోజుకీ తోక తరుగుతుంటే దాన్ని విడిగా ఒక టబ్‌లో పెట్టి అప్పుడు బ్యాక్టీరియాని చంపే మందు చూద్దాం, నాకు ఫోటో పంపాకే వెయ్యి. దూది పట్టిన చేప ఉంటే హీటర్ పెట్టకు, అది బ్యాక్టీరియా జబ్బయితే వేడికి ఇంకా తొందరగా పాకుద్ది. ఎప్పుడన్నా నిజంగానే వైట్ స్పాట్ వస్తే ఆ పద్ధతి వేరు, ఆ పురుగు చేప చర్మం కింద ఉన్నప్పుడు మందు తగలదు, రాలి అడుగున పడి పిల్లలు పెట్టి అవి ఈదుతున్నప్పుడే చస్తది, అందుకే చుక్కలు పోయాయని రెండో రోజే ఆపేస్తే మళ్ళీ వస్తది, పది రోజులన్నా చెయ్యాలి. పొట్ట ఉబ్బి పొలుసులు సీతాఫలం తొక్కలా లేచాయంటే మాత్రం, నీకు అబద్ధం చెప్పను, అప్పటికి లోపల చాలా పాడైపోయి ఉంటది, బతికేవి తక్కువ. నీ నాలుగింట్లో దేనికీ అలా లేదు.

సక్కర్ గురించి. అద్దం మీద నాచు తింటది, ట్యాంకు శుభ్రం చేస్తదని చెప్పి అంటగడతారు. అది తిన్నదానికి రెట్టింపు మురికి చేసినట్టుంటది, అడుగు దాటి పెరుగుద్ది, నీ ట్యాంకుకి అది వద్దు. షాపులోనే తిరిగిచ్చెయ్, డబ్బులు ఇవ్వకపోయినా పర్లేదు. ఏ చెరువులోనో నాలాలోనో మాత్రం వదలకు అమ్మలూ. ఇక్కడ మా వలల్లో పడుతున్నాయి అవి, ముళ్ళకి వల చిరిగిపోతంది, ఎవరూ కొనరు, గట్టుకి బొరియలు పెడతాయి. ఎవరో ఎక్కడో జాలిపడి వదిలినవే ఇవన్నీ.

పోయిన రెండింటి బదులు ఇంకో రెండు తెద్దామని బుజ్జికి మాటిచ్చావంట, మీ అమ్మ చెప్పింది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి ఒక నెల గడిచేదాకా కొత్త చేప వద్దు. నిజానికి ఆ ట్యాంకుకి ఆ నాలుగే ఎక్కువ, జానెడు పెరుగుతాయి అవి, అప్పటికి పెద్ద ట్యాంకు కొనాలి, ఆ డబ్బులు నేనిస్తా. బుజ్జికి ఒక నోటుబుక్కు ఇచ్చి రోజూ టెస్ట్ చేసిన అంకెలు రాయమను, మన చెరువు పుస్తకంలో నేను రాస్తానే అలా. దానికి పని ఉంటది, మేత డబ్బా దగ్గరికి పోదు.

రేపు తెల్లారుజామున ఐదింటికి, హాల్లో లైటు వెయ్యకముందే, ఫోన్ లైటు పక్కనించి పట్టుకుని ఒక నిమిషం వీడియో తీసి పంపు. చెరువుల్లో అయితే ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది ఆ టైంలోనే, అప్పుడు మూతులు కిందే ఉన్నాయా పైకొచ్చాయా చూస్తే నీళ్ళు దారికొచ్చాయో లేదో చెప్పగలను. నేను నాలుగింటికే గట్టు మీద ఉంటా, నువ్వు పంపగానే ఫోన్ చేస్తా.

నాన్న