మల్లిని మా ఇంటికి చేర్చిన వారికి కృతజ్ఞతలు

ఈ మధ్యనే మా ఇంటి మనిషైపోయిన మల్లి అనే ఐదు నెలల ఆడ కుక్కపిల్ల విషయంలో సాయపడిన వారందరికీ నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తమ పేర్లు బయటపెట్టవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ రాయడం లేదు.

మొదటి నమస్కారం రేణిగుంట రోడ్డులో టీ కొట్టు నడిపే పెద్దాయనకు. లారీలు ఆగే చోట ఒంటి నిండా పిడుదులతో, లేవలేని స్థితిలో పడి ఉన్న మల్లినీ, మరో కుక్కపిల్లనూ తన కొట్టు వెనుక నీడకు చేర్చి, పాలన్నం పెట్టి, తెలిసినవారికి ఫోను చేసింది ఆయనే. వాటిని ఆసుపత్రి దాకా తీసుకెళ్లి బాడుగ వద్దన్న ఆటో డ్రైవరుకు కూడా మా నమస్కారాలు.

ఆ ఆసుపత్రి మన తిరుపతి పశువైద్య కళాశాలది. 1955లో మొదలైన ఈ కళాశాల 2005 నుండి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్నది. మా తాతగారు చంద్రగిరి నుండి ఎద్దులను తోలుకొని వచ్చింది కూడా ఇక్కడికే. మల్లికి రక్తపరీక్ష చేసి, పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరమని, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని వైద్యులు తేల్చారు. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వేయాలని, కొద్ది రోజుల్లోనే జ్వరం దిగి పిల్ల చలాకీగా తిరిగినా మధ్యలో ఆపితే ప్లీహంలోనూ ఎముక మజ్జలోనూ దాగిన క్రిమి మళ్లీ తిరగబెట్టవచ్చునని వారు ఓపికగా వివరించారు. ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుంది గనుక అన్నం పెట్టిన తరువాతే మాత్ర వేయాలని, ఏ పూట ఏది ఇవ్వాలో తెలుగులో పట్టిక గీసి ఇచ్చిన విద్యార్థినికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. ఆ అమ్మాయి రేపు ఏ ఊరిలో డాక్టరుగా చేరితే ఆ ఊరి పశువులు అదృష్టం చేసుకున్నట్టే.

అందరికంటే ఎక్కువగా ఋణపడింది మాత్రం తిరుచానూరు వైపు ఉండే రిటైర్డు టీచరమ్మగారికి. ఆసుపత్రి నుండి రెండు పిల్లలనూ తన ఇంటికి తీసుకెళ్లి సాకింది ఆమే. పిడుదు గోడ పగుళ్లలో చేరి వేల గుడ్లు పెడుతుంది కాబట్టి పిల్లకు మందు వేసినంత మాత్రాన సరిపోదని, పెరటి గోడల సందులన్నిటికీ మందు కొట్టించారు. మేము వెళ్లి అడిగిన వెంటనే మల్లిని ఇవ్వకుండా, మందు పూర్తయి, రక్తపరీక్ష మళ్లీ చేయించి, కుక్కలకు వచ్చే పార్వో, డిస్టెంపర్ అనే అంటురోగాలకూ, రేబిస్‌కూ టీకాలు పడిన తరువాతే ఇస్తానని ఖచ్చితంగా చెప్పారు. ఆ ఆలస్యమే మల్లికీ మాకూ మేలు చేసింది.

ఆమె అడిగిన ప్రశ్నలు కూడా చెప్పాలి. మీ ఇంట్లో గాని పక్కింట్లో గాని ఇటీవల వాంతులు, నెత్తుటి విరేచనాలతో కుక్కపిల్ల ఏదైనా చనిపోయిందా అని మొదట అడిగారు. అవి పార్వో లక్షణాలని, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుందని అప్పుడే తెలిసింది. పగటిపూట ఇంట్లో ఎవరుంటారు, సంక్రాంతికి ఊరికి వెళితే ఎవరు చూస్తారు, గంగమ్మ జాతరకు ఊరంతా డప్పులు మోగుతుంటే ఏ గదిలో ఉంచుతారు, ఈడు వచ్చాక పిల్లలు కాకుండా ఆపరేషను చేయిస్తారా అని వరుసగా అడిగి, జవాబులు నోటు పుస్తకంలో రాసుకున్నారు. మా వారికి కొంచెం చిరాకు వేసిన మాట నిజమే. అయితే ఉచితంగా వస్తుందని తీసుకెళ్లి పది రోజులకే రోడ్డు మీద వదిలేసే వారిని చూసిన మనిషి అలా అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కుక్కను ఉంచుకోవడానికి ఒప్పుకున్న మా ఇంటి యజమానురాలికి, మొదట భయపడినా టీకాల కార్డు చూసి సరేనన్న కింది వాటా వారికి కూడా కృతజ్ఞతలు. ఇది ఏ జాతి అని చాలామంది అడుగుతున్నారు. చెవులు అల్సేషియన్‌లా నిలబడతాయి, తోక అచ్చంగా నాటు కుక్కది. మిగతా లెక్క మాకు అక్కరలేదు.

మల్లితో పాటు దొరికిన మగపిల్ల ఇంకా టీచరమ్మగారి దగ్గరే ఉన్నాడు. వాడికి కూడా మందు పూర్తయింది, టీకాలు పడ్డాయి. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట ప్రాంతాలలో పెంచుకోగలిగిన వారు ఉంటే నాకు తెలియజేయండి, ఆమెకు చెబుతాను. నోటు పుస్తకం మాత్రం సిద్ధంగా ఉంటుంది.