వార్షిక నివేదిక: పాత గ్రామర్ స్కూల్ దారిలో మన నడక

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది, అందుకే రాస్తున్నాను. కానీ ఈసారి ఆ నియమం లేకపోయినా రాసేవాణ్ణే. బ్రిటన్‌లో, వేల్స్‌లోని ఈ స్వాన్సీలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, పిల్లల్ని ఇక్కడి బడులకే పంపుతున్నాం, ఆ బడుల వెనక ఎంత కథ ఉందో మనలో చాలామందికి తెలియదు. ఈ ఏడాది కొంత తెలుసుకున్నాం. దాని కోసం కొందరు ఎంత కష్టపడ్డారో మిగతావాళ్ళకు తెలియాలి.

ముందు మామూలు సంగతులు. ఉగాదికి పచ్చడి, పంచాంగ శ్రవణం బాగా జరిగాయి. బతుకమ్మకు పూలు దొరక్క ఇబ్బంది పడ్డా, ఆడవాళ్ళు తలా ఒక ఇంటి తోట నుంచి తెచ్చి పేర్చారు. దీపావళికి హాలు చివరి నిమిషంలో మారింది, ఆ టెన్షన్ మళ్ళీ గుర్తు చేసుకోదలచుకోలేదు. వంటలో, సర్దడంలో, కుర్చీలు మోయడంలో సాయపడ్డవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎవరినో ఒకరిని మర్చిపోతానని భయం. సమావేశంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి చెబుతాను.

ఇక అసలు విషయం, అక్టోబర్ చివరి శనివారం చేసిన చరిత్ర నడక. ఇది మొదలైంది ఇయర్ 10 (అంటే మన తొమ్మిదో తరగతి) చదువుతున్న మన అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్నతో: "అంకుల్, డిలన్ థామస్ చదివిన స్కూలు ఇప్పుడెక్కడుంది?" నాకు జవాబు తెలియలేదు. ఆ కవి ఇల్లు ఎక్కడో తెలుసు, ఊరంతా ఆయన బొమ్మలు చూస్తూనే ఉంటాం, బడి సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. నలుగురం కలిసి మూడు నెలలు లైబ్రరీ చుట్టూ తిరిగాం.

తేలింది ఇదీ. ఆయన చదివిన స్వాన్సీ గ్రామర్ స్కూల్‌ని 1682లో హ్యూ గోర్ అనే ఆయన పెట్టారు. ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్, లిస్మోర్ ప్రాంతాలకు బిషప్‌గా చేసిన మనిషి. ఊరి పౌరుల్లో మరీ పేదవాళ్ళ కొడుకులు 20 మందికి ఫీజు లేకుండా చదువు చెప్పడానికి పెట్టిన బడి అది. ఇరవై మందే, అందులోనూ మగపిల్లలే. అయినా 340 ఏళ్ళు దాటినా ఆ బడి ఉంది. 1853లో మౌంట్ ప్లెజెంట్ కొండ మీదికి మారింది. 1941 ఫిబ్రవరి 19 నుంచి 21 వరకు వరసగా మూడు రాత్రులు జర్మన్ విమానాలు స్వాన్సీ మీద బాంబులు వేశాయి. 230 మంది దాకా చనిపోయారు, ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది, కొండ మీది బడి భవనం చాలా వరకు కాలిపోయింది. మనం శనివారాలు షాపింగ్‌కి వెళ్ళే సిటీ సెంటర్ అంత కొత్తగా, బోసిగా ఎందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. 1952లో బడి ఈ ఊళ్ళోనే స్కెట్టీ అనే పేటలో కొత్త భవనానికి వెళ్ళింది. 1970ల మొదట్లో గ్లాన్‌మోర్ ఆడపిల్లల గ్రామర్ స్కూల్‌తో కలిసి, అందరికీ ప్రవేశం ఉండే కాంప్రిహెన్సివ్ స్కూల్ అయింది. దాని పేరు ఇప్పుడు బిషప్ గోర్ స్కూల్. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అదే, బడి ఉంది కానీ డిలన్ చదివిన చోట లేదు.

నడక అప్‌లాండ్స్‌లో, కుమ్‌డాంకిన్ డ్రైవ్ 5వ నంబర్ ఇంటి దగ్గర మొదలుపెట్టాం. డిలన్ 1914లో పుట్టింది ఆ ఇంట్లోనే. వాళ్ళ నాన్న డి.జె. థామస్ అదే గ్రామర్ స్కూల్‌లో ఇంగ్లీష్ మాస్టారు. కొడుకు మాత్రం ఇంగ్లీష్ తప్ప మిగతా సబ్జెక్టులన్నిటిలో వెనకబడ్డవాడు. స్కూలు పత్రికకు సంపాదకుడయ్యాడు, 16 ఏళ్ళకే బడి వదిలేసి ఊళ్ళో పేపర్‌లో విలేఖరిగా చేరాడు. మన చిన్నపిల్లలకు బాగా నచ్చింది మాత్రం పరుగు పందెం కథ. బడి ఆటల పోటీల్లో మైలు పరుగులో గెలిచి, పేపర్‌లో పడ్డ ఆ ఫొటో కత్తిరించుకుని, 1953లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా జేబులో దాచుకున్నాడట. అది విన్న వెంటనే ముగ్గురు పిల్లలు ఆ వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చారు.

ఆ ఇంటి గేటు ముందే ఇంకో సంగతి చెప్పాను. కొందరికి నచ్చలేదని తెలుసు, అయినా ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. డిలన్ అమ్మానాన్న ఇద్దరికీ వేల్స్ సొంత భాష వెల్ష్ బాగా వచ్చు. కొడుక్కి పేరు కూడా మధ్యయుగపు వెల్ష్ కథల్లోంచి తెచ్చి పెట్టారు. భాష మాత్రం నేర్పలేదు. ఇంగ్లీష్ ఉచ్చారణ బాగుండాలని విడిగా పాఠాలకు పంపారు. ఆ రోజుల్లో పైకి రావాలంటే అదే దారి అనుకున్నారు, వాళ్ళని తప్పు పట్టలేను. కానీ మన శనివారం తెలుగు తరగతికి ఏప్రిల్‌లో 31 మంది పిల్లల పేర్లు ఇచ్చారు, డిసెంబర్‌కి వస్తున్నది 9 మంది. టీచర్లు ఇద్దరూ ఆసుపత్రిలో నైట్ షిఫ్ట్ చేసి నేరుగా తరగతికి వచ్చిన రోజులున్నాయి. రాలేకపోతే ఒక మెసేజ్ పెట్టండి, అంతకన్నా ఏమీ అడగడం లేదు. ఇక్కడివాళ్ళు తమ భాష పోతున్న నష్టాన్ని గుర్తించి వెల్ష్ మాధ్యమంలో హైస్కూళ్ళు పెట్టించుకున్నారు. మొదటిది 1956లో రిల్‌లో వచ్చింది, తర్వాత 1962లో పాంటిప్రిడ్ దగ్గర, మన పక్కనే గవర్టన్‌లో 1984లో. తల్లిదండ్రులు వెంటపడి అడిగితేనే అవి వచ్చాయి.

అక్కణ్ణుంచి మౌంట్ ప్లెజెంట్ ఎక్కాం. వాన, ఏటవాలు రోడ్డు, పిల్లల్ని కూర్చోబెట్టి తోసే రెండు ప్రామ్‌లు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు. ఒక్కరు కూడా మధ్యలో వెనక్కి వెళ్ళలేదు. పైన నిలబడి సముద్రం చూస్తూ మిగతా పూర్వ విద్యార్థుల గురించి పిల్లలే చెప్పారు: 13 సింఫనీలు రాసిన సంగీతకారుడు డేనియల్ జోన్స్, ఈ బడిలోనే డిలన్‌కి స్నేహితుడయ్యాడు. గవర్టన్‌లో పుట్టిన ఎర్నెస్ట్ జోన్స్ సైకోఎనలిస్ట్ (మాటలతో మనసుకు చికిత్స చేసేవాడు) అయి, 1938లో ఆ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ వియన్నా నుంచి బయటపడడానికి సాయం చేశాడు.

సాయంత్రం హాల్లో, స్కెట్టీ భవనం కొత్తగా కట్టిన రోజుల్లో చదువుకున్న ఒక పెద్దాయన వచ్చి మాట్లాడారు. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని వచ్చారు. పదకొండేళ్ళకు రాసే పరీక్ష గురించి చెప్పారు. అది పాసైతే గ్రామర్ స్కూల్, లేకపోతే వేరే బడి. తను పాసయ్యారు, తమ్ముడు కాలేదు. పొద్దున ఒకే ఇంటి నుంచి ఇద్దరూ వేరువేరు యూనిఫాంలలో బయల్దేరేవాళ్ళట. అది చెప్పి కాసేపు ఆగిపోయారు. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన మన రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు లేచి, మా దగ్గర ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఉండేదని, అక్కడే ఆగిపోయిన పిల్లల్ని తను ఇప్పటికీ మర్చిపోలేదని తెలుగులో చెప్పారు. మొదట ప్రశ్న అడిగిన మన అమ్మాయే అనువాదం చేసింది. తర్వాత ఇద్దరూ టీ తాగుతూ గంటసేపు కూర్చున్నారు, మధ్యలో అనువాదం ఎవరు చేశారో నేను చూడలేదు. నేను కార్యదర్శిగా ఉన్న నాలుగేళ్ళలో ఇంత తృప్తినిచ్చిన సాయంత్రం ఇంకోటి లేదు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చారు, ఆ రోజు వచ్చింది ఐదుగురు. ఆ ఐదుగురే నడక కోసం చేసిన బోర్డులు మోశారు, రోడ్లు దాటించారు, సమోసాలు వేడి చేశారు, చివర్లో హాలు ఊడ్చారు. బోర్డులు బయట పెట్టుకోవడానికి అనుమతి కోసం ఒక కార్యాలయానికి ఏడు ఈమెయిళ్ళు పంపాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి చేతులతో పట్టుకుని నిలబడ్డారు పిల్లలు, వానలో.

లెక్కలు కోశాధికారి గారు కాగితం మీద పంచుతారు. ఖర్చు వసూలుకు లోబడే ఉంది, చందా ఇవ్వాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి సమావేశం రోజు ఇచ్చేయండి.

వచ్చే ఏడాది నడకకి ఈ ఊళ్ళోని ఇంకో పాత బడి, డైనవర్ స్కూల్ కథ తీసుకుందామని అనుకుంటున్నాం. గాయకుడు, హాస్యనటుడు హ్యారీ సీకోంబ్, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయిన రోవన్ విలియమ్స్ చదివిన బడి. 2002లో మూతపడింది, కాబట్టి అక్కడ చదివినవాళ్ళు ఈ ఊళ్ళోనే మన పక్కిళ్ళలో ఉండొచ్చు, అడగండి. పేరిచ్చేవాళ్ళు వచ్చే ఉద్దేశం ఉంటేనే ఇవ్వండి. ఈ ఏడాది చేసిన 12 బోర్డులు మా గరాజ్‌లో ఉన్నాయి, చెమ్మ పడుతోంది. కాస్త పొడి చోటు ఉన్నవాళ్ళు ఈ వారంలో చెబితే నేనే కారులో తెచ్చి దింపుతాను.

ఇట్లు,
మీ కార్యదర్శి