అద్దె ఇంటికి అనుమతి ఇచ్చే ముందు మీటరు పెట్టె తెరిచి చూడండి

విజయనగరం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

అయ్యా,

మన ఊళ్లో చిన్న టీకొట్టు పెట్టుకోవాలన్నా ట్రేడ్ లైసెన్సు కావాలి. ఇల్లు అద్దెకివ్వడానికి మాత్రం గేటుకు టూలెట్ బోర్డు కడితే చాలు. విద్యల నగరమని పేరున్న ఊరిది. చదువుకోవడానికి, ఉద్యోగానికి వచ్చినవాళ్లు దిగేది అద్దె వాటాల్లోనే. ఈ ఇళ్లకు నమోదు, అనుమతి పెట్టమని కోరుతున్నాం. అయితే కౌంటర్‌లో రుసుము కట్టించుకుని కాగితం చేతిలో పెట్టే అనుమతి వద్దు. ఇంటికి వెళ్లి, చూసి ఇవ్వాలి.

ముందు మీటరు పెట్టె. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటిని మూడు వాటాలు చేసినప్పుడు కొత్త వాటాలకు కరెంటు పాత లైట్ల లైను నుంచే లాగుతారు. అది 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ. ఫ్యాను, లైటు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. 2,000 వాట్ల గీజరో ఇండక్షన్ పొయ్యో పెడితే దాదాపు 9 ఆంపియర్లు గుంజుతుంది. రెండు వాటాల్లో ఒకేసారి పెడితే 18. అప్పుడు లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ పడిపోవాలి. కానీ మాటిమాటికీ పడుతోందని ఎవరో ఏనాడో 32 ఆంపియర్లది బిగించి ఉంటారు. 18కి అది పడదు. తీగ వేడెక్కుతూనే ఉంటుంది, పైపూత పెళుసుబారుతుంది, చివరకు గోడలోనే అంటుకోవచ్చు. ఎంసీబీ సైజు తీగను బట్టి ఉండాలి, సామాన్లను బట్టి కాదు. 16 ఆంపియర్ల ప్లగ్గులకు కనీసం 2.5 తీగ, గీజరుకూ ఏసీకీ విడివిడిగా 4 తీగ ఉండాలి.

ప్రతి వాటాకూ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి చేయండి. తనిఖీకి వెళ్లినవారు దాని టెస్ట్ బటన్ నొక్కి వచ్చేస్తే సరిపోదు. ఆ బటన్ ఆ పరికరం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది, ఎర్తింగ్ సంగతి చెప్పదు. ఎర్త్ కోసం ఉండే మూడో రంధ్రానికి తీగే లేని ప్లగ్గులు పాత వాటాల్లో చాలా ఉన్నాయి. ఎర్త్ టెస్టర్‌తో కొలిచి, వచ్చిన అంకె నమోదు ఫారంలో రాయాలి.

విడి వంటగది ఉన్న ప్రతి వాటాకూ విడి మీటరు ఉండాలన్నది మరో షరతు. ఎందుకో లెక్క చూడండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం నెలకు 100 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఛార్జీ 304 రూపాయల 50 పైసలు. మూడు కుటుంబాలకు మూడు మీటర్లుంటే మొత్తం 913 రూపాయల 50 పైసలు. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే శ్లాబు 8 రూపాయల 75 పైసల దాకా ఎక్కి బిల్లు 1,673 రూపాయల 25 పైసలవుతుంది. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు కలపకుండానే నెలకు 760 రూపాయల తేడా. ఆ భారం మోసేది అద్దెకున్నవాళ్లే.

ఒకటే గది ఉంటే అది కనీసం 9.5 చదరపు మీటర్లు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో గాలి వచ్చే జాగా నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. అంటే 10 అడుగులకు 11 అడుగుల గదికి 18 చదరపు అడుగుల పైచిలుకు. పక్క వాటా గోడకు తెరుచుకునే కిటికీని ఈ లెక్కలో కలపకండి. ఓవర్‌హెడ్ ట్యాంకుకు మూత ఉందో లేదో మేడెక్కి చూడాలి. సెప్టిక్ ట్యాంకు ఐదుగురి కోసం కట్టింది ఇరవైమందికి వాడుతుంటే మూడేళ్లు ఆగకుండా ఏడాదికే తోడించాలి. ఆ ట్యాంకు నీళ్లు ఇంకే గుంట నూతికి 18 మీటర్ల లోపు ఉంటే ఆ నూతి నీళ్లు తాగడానికి పనికిరావని గోడ మీదే రాయించండి.

ఇక ఒప్పందం. అందరూ 11 నెలలకు రాసుకుని నోటరీ చేయిస్తారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది కాబట్టి వచ్చిన అలవాటిది. 1999 సవరణతో మన రాష్ట్రంలో గడువుతో పని లేకుండా స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ చేయాల్సినవే అయ్యాయి. అందుకే అడ్వాన్సు దగ్గర తగవు వచ్చి కోర్టుకెక్కితే రిజిస్టర్ కాని ఆ 11 నెలల కాగితం షరతులకు రుజువుగా నిలవడం కష్టం. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, దిగిన రోజు మీటరు రీడింగు ఎంత, గోడలూ తలుపులూ ఎలా ఉన్నాయి అన్నవి ఒక పేజీలో రాసి, ఇద్దరి సంతకాలతో వార్డు సచివాలయంలో ఒక ప్రతి ఉంచే ఏర్పాటు చేయండి. అది రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. కానీ ఖాళీ చేసే రోజున సున్నాలకు, రిపేర్లకు అని అడ్వాన్సులో ఎంతపడితే అంత కోసే పద్ధతికి అడ్డుపడుతుంది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. అదే హద్దు ఫారంలో అచ్చు వేయించండి.

నమోదంటే ఇంటి యజమానులకు పన్ను భయం. ఒకప్పుడు ఆస్తి పన్ను వార్షిక అద్దె విలువ మీద వేసేవారు కాబట్టి అద్దె దాచడం అలవాటైంది. 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఈ సంగతి ఫారం మొదటి వాక్యంగా పెడితే సగం మంది వాళ్లంతట వాళ్లే వస్తారు. రుసుము వాటాకు 100 రూపాయలు, మూడేళ్లకోసారి చాలు. వేలల్లో పెడితే నెల తిరక్కుండానే అద్దెలో కలుస్తుంది.

లోపం బయటపడితే అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాం. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ లోపాలకు వారం, ట్యాంకు మూతలకు పదిహేను రోజులు, కిటికీలకు మూడు నెలలు గడువివ్వండి. ఆ గడువులో అద్దె పెంచకూడదు. ఫిర్యాదు వస్తేనే వెళ్తామనే నియమం అసలు పనిచేయదు. ఫిర్యాదు చేసింది ఎవరో యజమానికి ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. వరస ప్రకారం అందరి ఇళ్లకూ వెళ్లాలి.

వార్డు సచివాలయాల్లో ప్లానింగ్, ఎమినిటీస్, ఎనర్జీ కార్యదర్శులు ఉన్నారు. ముగ్గురూ కలిసి వెళితే ఒక ఇంటికి ముప్పావుగంట పడుతుంది. ఒకే ప్రహరీలో మూడు, ఆపై వాటాలున్న ఇళ్లతో మొదలుపెట్టండి. వాటిని గుర్తించడానికి రెండు జాబితాలు తీయండి. ఒకే ఆస్తి పన్ను అసెస్‌మెంట్ నంబరు మీద రెండు మూడు మీటర్లున్నవి ఒక జాబితా. ఒకే మీటరు మీద నెలనెలా 300 యూనిట్లు దాటుతున్నవి ఇంకో జాబితా. రెండో జాబితాలోని ఇళ్లకు ముందు వెళ్లండి.

ఇట్లు,
అద్దె ఇళ్ల వైరింగు, ప్లంబింగు, దస్తావేజుల పనుల్లో ఉన్నవాళ్లం,
విజయనగరం