అంకుడు మొక్కలు ఎవరు నాటాలి?

సంపాదకుల వారికి,

2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏటికొప్పాక బొమ్మల శకటానికి మూడో బహుమతి వస్తే మన అనకాపల్లి జిల్లా వాళ్లమంతా ఫోన్లలో తెగ షేర్ చేసుకున్నాం, 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పుడూ అంతే. మంచిదే. కానీ ఆ బొమ్మ అంకుడు కర్రతో అవుతుంది, ఆ కర్ర ఎక్కడి నుంచి రావాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఎంతసేపూ కొండల మీద పడి నరుక్కు రావడమే గానీ నాటింది ఎంత?

మా వైపు ఒక నర్సరీకి వెళ్లి అంకుడు మొక్కలున్నాయా అంటే, టేకు ఉంది, వేప ఉంది, అది అడవి చెట్టు కదండీ ఎవరు కొంటారు అన్నారు. కొనేవాళ్లు ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డునే లేత్ మిషన్ల ముందు కూర్చుని ఉన్నారు! కర్ణాటకలో చన్నపట్న బొమ్మలు చేసేవాళ్లకీ ఇదే కర్ర కావాలి.

ఈ కర్రే ఎందుకంటే, ఒకసారి పని దగ్గర నిలబడి చూడండి. గిర్రున తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది, ఆపైన మొగలాకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. అంకుడు తెల్లగా, నున్నగా ఉంటుంది కాబట్టే ఆ పసుపూ ఎరుపూ అంత తేటగా కనబడతాయి.

పెంచడానికి పెద్ద టెన్షనేం లేదు. రాళ్ల నేలైనా, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, పొలం గట్టు చాలు. విత్తనం దగ్గరే కాస్త జాగ్రత్త. అంకుడు కాయలు జంటగా కాసి కొసలు రెండూ అతుక్కుని ఉంటాయి, దీన్ని పోలిన కొడిశపాల చెట్టు కాయలు విడిగా వేలాడతాయి, ఒకటనుకుని ఇంకోటి తెచ్చుకోకండి. కాయ ఎండి పగిలిందా, గింజలు దూదితో సహా గాలికి ఎగిరిపోతాయి, కాబట్టి ముదిరాక పగలకముందే కోసుకోవాలి. ఇంకో సంగతి, నరికిన మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది. బొమ్మలకి పెద్ద మానులు అక్కర్లేదు, చేతి మందం కొమ్మలతోనే బోలెడు పని నడుస్తుంది, అంటే టేకులా కొడుకుల కాలం దాకా ఆగక్కర్లేదు.

ఉపాధి హామీలో మామిడి, జీడిమామిడి తోటలకు సాయం చేస్తున్నారు కదా, అలాగే గట్ల మీద అంకుడుకీ ఇవ్వండి, నర్సరీల్లో మొక్క పెట్టండి. అన్నిటికన్నా ముందు, సొంత పొలంలో పెంచిన అంకుడు కొట్టి బండి మీద తీసుకెళ్లాలంటే ఏ కాగితం కావాలో, అసలు కావాలో వద్దో, అటవీ శాఖ వారు తెలుగులో రాసి ప్రతి సచివాలయంలో అంటించాలి. దారిలో ఎవరో ఆపుతారన్న భయం ఉన్నంతకాలం ఏ రైతూ ఈ మొక్క జోలికి రాడు.

— ఒక రైతు, యలమంచిలి