గడ్డం కింద రెండోసారి గొట్టం పెట్టించుకునే ముందు

సంపాదకుల గారికి నమస్కారం.

డబుల్ చిన్ పోతుందని లైపోసక్షన్‌తో, అంటే సన్నని గొట్టం పెట్టి లాగే పద్ధతిలో, గడ్డం కింద కొవ్వు తీయించుకున్నవారిలో కొందరికి అనుకున్న ఫలితం రాదు. అలాంటివారు సాధారణంగా చేసే పని ఒక్కటే. మరో క్లినిక్‌కి వెళ్లి ‘మిగిలింది కూడా తీసేయండి’ అంటారు. వెంటనే సరేననే క్లినిక్‌లకు కొదవ లేదు. సరిదిద్దగలిగే లోపం సరిదిద్దలేనిదిగా మారేది చాలాసార్లు ఈ రెండో విడతలోనే. మొదటిసారి ఫలితం ఎందుకు రాలేదో తేల్చకుండా రెండోసారి గొట్టం పెట్టించుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు కాలం సంగతి. ఆపరేషన్ అయిన రెండు మూడు వారాల్లో కమిలిన రంగు పోతుంది, పైకి కనిపించే వాపు చాలావరకు తీస్తుంది. కంగారు మొదలయ్యేది ఆ తర్వాతే. గడ్డం కింద చర్మం బిగుసుకుపోయి, అక్కడక్కడా ఉండలు చేతికి తగులుతాయి. తడిమి చూసుకున్నవారికి కొవ్వు అలాగే ఉండిపోయిందనిపిస్తుంది. నిజానికి అది కొవ్వు కాదు. కాన్యులా అనే సన్నని గొట్టం లోపల తిరిగిన దారులన్నీ మానేటప్పుడు ఏర్పడే మచ్చ కణజాలం, దానిలో నిలిచిన నీరు. ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య ఇది మెల్లగా మెత్తబడుతుంది. అసలు రూపం తేలడానికి ఆరు నెలలు పడుతుంది. చర్మం ముడుచుకోవడం ఏడాది దాకా సాగుతూనే ఉంటుంది. అందుకే ఆరు నెలలు నిండకుండా రెండో లైపోసక్షన్‌కి తేదీ ఇచ్చే క్లినిక్ దగ్గర ఆగవద్దు. పెళ్లికి నెల ముందు చేయించుకుని ముహూర్తానికి దవడ గీత తేలాలనుకోవడం, మూడు వారాల సెలవు మీద అమెరికా నుంచి వచ్చి చేయించుకుని కుట్లు మానగానే విమానం ఎక్కడం, రెండూ ఈ లెక్కకు పొసగవు.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. మొదటి 48 గంటల్లో ఒకవైపు వాపు చూస్తుండగానే పెరిగి గట్టిపడినా, మింగడం కష్టమైనా, ఊపిరి అందకపోయినా లోపల రక్తం చేరుతోందని అనుమానించి ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, ఎర్రదనం, చీము కనిపిస్తే ఆ రోజే చూపించుకోవాలి. వారం పది రోజులకు వేలితో నొక్కితే నీటి సంచిలా కదిలితే అది సీరోమా. సూదితో నీరు లాగి, గడ్డం కింద ఒత్తి ఉంచే బెల్టు బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. వదిలేస్తే గట్టిపడి ఉండలా మిగిలిపోవచ్చు.

బెల్టు విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. మొదటి వారం దాదాపు రోజంతా, ఆ తర్వాత కొన్ని వారాలు రాత్రిపూట వేసుకోమంటారు. సర్జన్‌ని బట్టి ఈ లెక్క కొద్దిగా మారుతుంది. అయితే గడ్డం కింద బెల్టు మడత పడి అలాగే గంటలకొద్దీ నొక్కితే ఆ మడత మేరకు చర్మం మీద గాడి పడుతుంది. పెట్టుకున్న ప్రతిసారీ వేలు పోనిచ్చి మడత లేకుండా చూసుకోవాలి. మసాజ్ సర్జన్ చెప్పాకే మొదలుపెట్టాలి. అదీ వేలి కొసలతో, మెల్లగా. ఎనిమిది వారాలు దాటినా మెత్తబడని ఉండలకు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ని చాలా తక్కువ మోతాదులో ఆ ఉండలోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. అది ఎక్కువైతే అక్కడి కొవ్వు, చర్మం పల్చబడి గుంట పడుతుంది. ఉండ పోయి గుంట రావడం ఏ మాత్రం మెరుగు కాదు.

ఆరు నెలలు గడిచాక కూడా గడ్డం కింద నిండుగానే ఉందనుకుందాం. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. అక్కడ ఉబ్బుగా కనిపించేదంతా ఒకే కొవ్వు కాదు. చర్మం కింద ఒక కొవ్వు పొర ఉంటుంది. దాని కింద ప్లాటిస్మా అనే పల్చటి కండరం, ఆ కండరం కింద మళ్లీ కొవ్వు, దాని పక్కనే డైగాస్ట్రిక్ కండరాలు, దవడ ఎముక కింద రెండు వైపులా లాలాజల గ్రంథులు. లైపోసక్షన్ గొట్టం పనిచేసేది మొదటి పొరలోనే. మిగిలినవాటి వల్ల వచ్చిన ఉబ్బు ఎన్నిసార్లు లాగినా తగ్గదు. పైగా పై పొర పల్చబడేకొద్దీ కింద ఉన్నవి ఇంకా తేటగా బయటపడతాయి. ‘ఆపరేషన్ ముందు ఈ గడ్డలు లేవు’ అని చాలామంది చెప్పేది అబద్ధం కాదు. దవడ మూలకు కాస్త ముందు, రెండు వైపులా కనిపించే ఆ గుండ్రటి ఉబ్బులు చాలాసార్లు జారిన లాలాజల గ్రంథులే. అంతకుముందు కొవ్వు వాటిని కప్పి ఉంచింది.

ఏ పొరలో మిగిలిందో మంచి సర్జన్ చేతితోనే చాలావరకు పసిగడతారు. కూర్చోబెట్టి, తల నిటారుగా ఉంచి, గడ్డం కింద బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుంటారు. తర్వాత పళ్లు బిగించి, పెదవి మూలలు కిందికి లాగమంటారు. అలా చేస్తే మెడ కండరం బిగుస్తుంది. అప్పుడూ వేళ్ల మధ్య అంతే మందం దొరికితే కొవ్వు కండరం పైన ఉన్నట్టు. సడలించినప్పుడు లావుగా దొరికింది కాస్తా బిగించగానే పల్చబడిపోతే కొవ్వు కండరం కింద ఉన్నట్టు. అదే సమయంలో మెడ మీద నిలువుగా రెండు తీగలు లేస్తున్నాయా లేదా అన్నదీ కనిపిస్తుంది. ఇంత చిన్న పరీక్ష కూడా చేయకుండా ఫోన్‌లో ఫొటో చూసి ధర చెప్పేవారి మాట నమ్మవద్దు. అనుమానం తీరకపోతే మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తే కొవ్వు ఏ పొరలో ఉందో, నీరు నిలిచిందో, గ్రంథులు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. మింగినప్పుడు పైకి కదిలే ఉబ్బు థైరాయిడ్‌ది కావచ్చు. దాన్ని కొవ్వనుకుని ముట్టుకోకూడదు.

ఎముకల సంగతి ఇంకొకటి. పక్కనుంచి తీసిన ఫొటోలో కింది పెదవి అంచు నుంచి నిలువు గీత గీసి చూడండి. గడ్డం కొస ఆ గీతకు బాగా వెనకపడి ఉంటే, కొవ్వు మొత్తం తీసినా దవడ గీత తేలదు. ముందుకు పొడుచుకు రావలసిన ఎముకే చిన్నది. అలాగే గొంతు ముడికి పైన ఉండే హైయాయిడ్ ఎముక కొందరికి పుట్టుకతోనే కిందికి, ముందుకు ఉంటుంది. గడ్డానికి, మెడకు మధ్య 105 నుంచి 120 డిగ్రీల కోణం అందంగా ఉంటుందని ప్లాస్టిక్ సర్జరీలో చెబుతారు. హైయాయిడ్ కిందికి ఉన్నవారికి ఏ ఆపరేషన్‌తోనూ ఆ కోణం పూర్తిగా రాదు. ఈ మాట మొదటి సంప్రదింపులోనే చెప్పాలి. చెప్పకపోవడం వైద్యుడి తప్పే.

తక్కువ తీయడం కన్నా ఎక్కువ తీయడం పెద్ద ప్రమాదం. చర్మం కింద కనీసం 3 నుంచి 5 మిల్లీమీటర్ల కొవ్వు పొర వదలాలి. చర్మం కండరం మీద జారుతూ కదలడానికి ఆ పొరే ఆధారం. దాన్ని గీకేస్తే చర్మం నేరుగా కండరానికి అతుక్కుంటుంది. మాట్లాడినా, మింగినా ముడతలు లాక్కుపోతాయి. మధ్యలో గుంట పడి, రెండు పక్కలా కండరం అంచులు లేచి కనిపించే రూపాన్ని సర్జన్లు కోబ్రా నెక్ అంటారు. బొంతలో దూది ఒకచోట పోగై, మరోచోట గుడ్డకు గుడ్డ తగిలినట్టు ఉంటుంది. దీనికి మందు మళ్లీ లాగడం కాదు. అతుకులు విడదీసి, పొట్ట నుంచో తొడ నుంచో తీసిన కొవ్వును సన్నని పోగులుగా నింపాలి. అందులో కొంత శరీరం పీల్చేసుకుంటుంది కాబట్టి నెలల తేడాతో రెండోసారి చేయాల్సి రావచ్చు. కండరం విడిపోయి ఉంటే దాన్నీ కలిపి కుట్టాలి.

నవ్వినప్పుడు కింది పెదవి ఒకవైపు కిందికి రాకపోవడం చూసి భయపడేవాళ్లున్నారు. దవడ అంచు వెంబడి వెళ్లే నరం గొట్టం తాకిడికో, వాపుకో మొద్దుబారితే ఇలా అవుతుంది. నరం తెగకపోతే వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. చాలామందికి తిరిగి వస్తుంది కూడా. కింది పెదవిని బయటికి తిప్పి చూపగలిగితే ఆ నరం బాగానే ఉన్నట్టు, మెడ కండరానికి వెళ్లే మరో కొమ్మ దెబ్బతిన్నట్టు. ఆ తేడా తొలి వారంలోనే రాసి పెట్టించుకోవాలి. ఇది మానేవరకు ఆ చోట మరో విధానం ఏదీ చేయించుకోకూడదు.

‘ఆపరేషన్ వద్దు, ఇంజెక్షన్‌తో మిగిలింది కరిగిస్తాం’ అనే మాట ఈ దశలో బాగా వినిపిస్తుంది. గడ్డం కింద కొవ్వు కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో అనుమతించిన మందు డీఆక్సీకోలిక్ యాసిడ్. సెంటీమీటరు ఎడంతో ఒక్కో చోట 0.2 మిల్లీలీటరు, ఒక విడతకు 10 మిల్లీలీటర్లు మించకుండా, విడతకూ విడతకూ కనీసం నెల తేడాతో, గరిష్ఠంగా ఆరు విడతలు. ఇది కూడా పై పొరకే. అంతకుముందు ఆపరేషన్ అయిన చోట జాగ్రత్తగా వాడాలని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంది. మచ్చ కణజాలంలో మందు ఒకేలా పాకదు, నరం కూడా అనుకున్న చోట ఉండకపోవచ్చు. పేరు చెప్పకుండా ‘ఫ్యాట్ డిజాల్వింగ్’ అని ఇచ్చే మిశ్రమాలు అసలే వద్దు. సీసా చూపించమని అడగండి. చూపించకపోతే లేచి రండి.

సరైన తదుపరి చర్య కారణాన్ని బట్టే ఉంటుంది. కొవ్వు పై పొరలోనే కొద్దిగా, ఒకవైపు మిగిలితే సన్నని కాన్యులాతో చిన్న సవరణ సరిపోతుంది. కొవ్వు కండరం కింద ఉన్నా, నిలువు తీగలు ఉన్నా గడ్డం కింద మడతలో సుమారు మూడు సెంటీమీటర్ల కోతతో లోపలి కొవ్వు తీసి, ప్లాటిస్మా అంచులు మధ్యలో కలిపి కుట్టాలి. చర్మం సాగి వేలాడుతుంటే చెవి వెనక నుంచి చర్మం లాగి బిగించే నెక్ లిఫ్ట్ తప్ప దారి లేదు. చర్మాన్ని బిగించే రేడియో ఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్ యంత్రాలు కొద్దిపాటి వదులుకే పనికొస్తాయి. గడ్డం ఎముక చిన్నదైతే ఇంప్లాంట్ పెట్టడమో, ఎముక కోసి ముందుకు జరిపి ప్లేట్లతో బిగించడమో చేయాలి. లాలాజల గ్రంథిని కొంత కోసే ఆపరేషన్‌లో రక్తస్రావం, నరాల ముప్పు ఎక్కువ. అందం కోసం అంత దూరం వెళ్లాలా అన్నది బాగా ఆలోచించుకోవాలి. ఏమీ చేయించుకోకుండా ఉండిపోవడం కూడా గౌరవంగా ఎంచుకోదగ్గ దారే. ఏది ఎంచుకున్నా ముందు కొన్ని నెలలు బరువు నిలకడగా ఉండాలి. బరువు పెరిగితే మిగిలిన కొవ్వు కణాలే లావవుతాయి.

రెండో అభిప్రాయానికి వెళ్లేముందు చేతిలో కాగితాలు ఉండాలి. మొదటి ఆస్పత్రి నుంచి ఆపరేషన్ నోట్స్ రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అందులో చూడాల్సింది ఎంత ద్రవం ఎక్కించారు, ఎన్ని మిల్లీలీటర్లు లాగారు, కాన్యులా సైజు ఎంత, రంధ్రాలు ఎక్కడ పెట్టారు, లేజర్ లాంటి వేడి పరికరం వాడారా, కండరాన్ని ముట్టుకున్నారా అన్నవి. ముందు తీసిన ఫొటోలు కూడా తీసుకోండి. ఇప్పటి ఫొటోలు అదే వెలుతురులో, అదే దూరం నుంచి, చెవి రంధ్రం, కంటి కింది ఎముక అంచు నేలకు సమాంతరంగా ఒకే గీతలో ఉండేలా తీయించాలి. గడ్డం కాస్త పైకెత్తితే చాలు, ఎలాంటి డబుల్ చిన్ అయినా సగం మాయమవుతుంది. ప్రకటనల్లో ‘తర్వాత’ ఫొటోలు చాలావాటిలో తల అలాగే ఉంటుంది.

మెడ తెరిచి చేసే ఆపరేషన్ అయితే ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) డిగ్రీ ఉన్నవారి దగ్గరికే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ నంబరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. అందం కోసం చేసే శస్త్రచికిత్సకు జీఎస్టీ ఉంటుంది కాబట్టి పక్కా బిల్లు అడిగి తీసుకోండి. చీటీ మీద రాసిచ్చిన అంకె రేపు ఎక్కడా చెల్లదు. ఫలితం నచ్చకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. నష్టం జరగడం, సమ్మతి పత్రంలో ముప్పులు చెప్పకపోవడం, అర్హత లేనివారు చేయడం లాంటివి ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటూ ఉచిత సిట్టింగ్‌ల మీద ఆ గడువు కరిగిపోనివ్వవద్దు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. కాస్మెటిక్ క్లినిక్‌ల ప్రకటనలు తీసుకునేటప్పుడు ఆపరేషన్ చేసే సర్జన్ పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా వేయకండి. ‘ముందు, తర్వాత’ ఫొటోలు వేస్తే రెండోది ఎన్ని నెలలకు తీసిందో దాని కిందే అచ్చు వేయించండి.

ఇట్లు,
ఒక ప్లాస్టిక్ సర్జన్,
విజయవాడ