తోటి వైద్యుల పరిశీలన గురించి మనవి

బెంగళూరులో ప్రాక్టీసు చేస్తున్న తెలుగు వైద్య మిత్రులందరికీ నమస్కారం.

2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం మనం ఐదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలకు హాజరు కావాలి. అయితే ఆ ధ్రువపత్రం మనం సభలో కూర్చున్నామని చెబుతుందే గాని, రోగిని సరిగా పరీక్షిస్తున్నామో లేదో చెప్పదు. 1990లో వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ వైద్యుల సామర్థ్యాన్ని కొలిచేందుకు చూపిన నాలుగు అంచెల్లో అన్నిటికన్నా పైది, అంటే రోజువారీ వైద్యంలో నిజంగా ఏం చేస్తున్నామన్నది, రాతపరీక్షకు అందదు.

అందువల్ల ఓపీలోనే, రోగి అనుమతితో, తోటి వైద్యులొకరు పావుగంట గమనించి వెంటనే అభిప్రాయం చెప్పే మినీ సీఈఎక్స్ పద్ధతిని మనలో మనం మొదలుపెడదామని కోరుతున్నాను. గుండె జబ్బును చక్కగా పట్టుకున్నవారు చర్మవ్యాధి దగ్గర తడబడవచ్చు గనుక, వేర్వేరు రోగులతో, వేర్వేరు పరిశీలకులతో పలుమార్లు చూడటం తప్పనిసరి. సీనియర్లే ముందుకు వస్తే చిన్నవారికి జంకు తీరుతుంది. సమ్మతించేవారు ఆదివారంలోగా తెలియజేయగలరు.