ల్యాప్‌టాప్ మూసేసి పడుకో

నల్లగొండ

దోస్తూ,

ల్యాప్‌టాప్ మూస్తే స్క్రిప్ట్ ఆగిపోతోందన్న నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు. పాలమూరు వానల లెక్కల కోసం, కరెంటు వచ్చేదాకా మోటారు దగ్గర పడుకునే రైతులాగా ల్యాప్‌టాప్ ముందు రాత్రంతా కాపలానా? ఇక ఆ టెన్షన్ వదిలెయ్.

సర్వర్‌లోకి, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయి స్క్రిప్ట్ నడిపితే అది ఆ టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) కిందే పుడుతుంది. కనెక్షన్ తెగితే సర్వర్‌ను నడిపే లైనక్స్ దానికి సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపుతుంది, అది అక్కడితో ఆగిపోతుంది. కమాండ్ ముందు నోహప్ (nohup) అనే మాట పెట్టావనుకో, స్క్రిప్ట్ ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు. చివర ఆంపర్‌సాండ్ (&) పెడితే స్క్రిప్ట్ వెనకాల నడుస్తుంది, తర్వాతి కమాండ్ కొట్టే ప్రాంప్ట్ వెంటనే నీ చేతికొస్తుంది.

నాకైతే టీమక్స్ (tmux) ఇష్టం, నువ్వు బయటికొచ్చినా సర్వర్ మీద నీ టెర్మినల్‌ను బతికించి ఉంచే ప్రోగ్రాం అది. అందులో స్క్రిప్ట్ మొదలుపెట్టి, కంట్రోల్ బీ నొక్కి వదిలి, డీ కొడితే బయటికొస్తావు. తర్వాత దేవరకొండ బస్సులో కూర్చుని ఫోన్ నుంచైనా మళ్లీ అటాచ్ అయి, అంటే అదే టెర్మినల్‌లోకి తిరిగి వెళ్లి చూసుకోవచ్చు. ఇదంతా సర్వర్ మీద మాట రా. స్క్రిప్ట్ నీ ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంటే, మూత వేయగానే అది నిద్రపోతుంది, నోహప్ ఏం చేయలేదు.

స్క్రిప్ట్ తన మెసేజ్‌లు రాసే లాగ్ ఫైల్ ఖాళీగా ఉందని కంగారుపడకు. పైథాన్ ఫైల్‌లోకి ప్రింట్ చేసేటప్పుడు కొంత పోగేసుకుని ఒక్కసారే వదులుతుంది. పైథాన్ కమాండ్‌కు మైనస్ యూ (-u) ఆప్షన్ పెట్టు, వెంటవెంటనే రాస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, ఏ మండలం ఫలితం ఆ మండలం అయిపోగానే సేవ్ చేయడం. సర్వరే రీస్టార్ట్ అయితే నోహప్ లేదు, టీమక్స్ లేదు! జడ్చర్ల పూర్తయి కోయిల్‌కొండ మధ్యలో ఆగిపోయిందనుకో, మళ్లీ నడిపినప్పుడు ఫైల్ ఉన్న మండలాన్ని దాటేసి పొమ్మను. ఒక కిటుకు ఉంది. ముందు వేరే పేరుతో రాసి, రాయడం పూర్తయ్యాకే అసలు పేరుకు మార్చు. లేకపోతే సగం రాసిన ఫైల్‌ను చూసి అయిపోయిందనుకుంటుంది.

మీ సర్వర్ చాలా కంప్యూటర్లు కలిపిన క్లస్టర్ అయి, అందులో పనులను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ ఉంటే, దాని ఎస్‌బ్యాచ్ (sbatch) కమాండ్‌తో స్క్రిప్ట్ పంపు, అందరూ లాగిన్ అయ్యే లాగిన్ నోడ్ మీద నడిపితే అడ్మిన్ తిట్లు తప్పవు. టైమ్ కాస్త ఎక్కువే అడుగు, గడువు దాటితే స్లర్మ్ నీ స్క్రిప్ట్‌ను చంపేస్తుంది. ఎంత అడగాలో తెలియాలంటే ముందు ఒక్క మండలంతో నడిపి చూడు.

అప్పటికీ ఆగిపోతే లాగ్ పంపు, చూస్తా. అమ్మను అడిగానని చెప్పు.

నీ దోస్తు